మూడో గడి

ఇంటర్ స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లే లెక్చరర్లకు జవాబు పత్రాల చివరి పేజీలంటే కాస్త భయం. జవాబులు అయిపోయాక మిగిలిన ఖాళీలో కొందరు పిల్లలు దిద్దేవాళ్లకు ఉత్తరాలు రాస్తారు. అలా రాయకూడదని నిబంధన. అయినా రాస్తారు. అమ్మకు బాగాలేదని, నాన్న లేడని, ఈ ఒక్కసారికి గట్టెక్కించమని.

ఈసారి ఫిజిక్స్ బండిల్లో వచ్చిన ఉత్తరంలో మార్కులు వేయమని అడగనే లేదు. "సార్, ఇది పోతే నా లైఫ్ అయిపోయినట్టే. నేను ఎందుకూ పనికిరాను. ఎప్పుడూ నాకే ఇలా అవుతుంది." అంతే. కింద గీత గీసి, దాని మీద మళ్లీ గీశారు, పెన్ను కాగితంలోకి దిగేదాకా. కోడింగ్ అయిన పేపర్ కాబట్టి అబ్బాయో అమ్మాయో, ఏ ఊరో తెలియదు. దిద్దిన సార్ వచ్చిన మార్కులు వేసి పక్కన పెట్టారు. భోజనాల వేళ ఆ మాట బోటనీ మేడంతో అన్నారు. ఆమె ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్లే. పక్క కుర్చీలో నేనున్నాను. తర్వాత ఇద్దరి మధ్యా సాగిన వాదన తల్లిదండ్రులు, లెక్చరర్లు కూడా వినాల్సిందని తోచి రాస్తున్నాను.

బోటనీ మేడం: సార్, ఆ మూడు వాక్యాలూ ఒకసారి చూడండి. 'లైఫ్ అయిపోయినట్టే' అంటే ఇది ఇక మారదని. 'ఎందుకూ పనికిరాను' అంటే ఒక్క ఫిజిక్స్ పోలేదు, అన్నీ పోయాయని. 'నాకే' అంటే లోపమంతా తనదేనని. కష్టం వచ్చినప్పుడు తనకు తాను ఇలా కారణం చెప్పుకోవడం అలవాటైన పిల్లలు కుంగుబాటులోకి తేలిగ్గా జారిపోతారని మార్టిన్ సెలిగ్మన్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఎప్పుడో చెప్పాడు. ఆ అలవాటు మార్చొచ్చు, చిన్నప్పుడే నేర్పొచ్చు అని 1995లో పుస్తకం కూడా రాశాడు. అందుకే జూన్ నుంచి ఫస్టియర్ వాళ్లకు వారానికో పీరియడ్ ఇవ్వమని మా ప్రిన్సిపాల్ గారిని అడిగాను.

ఫిజిక్స్ సార్: ఇస్తానన్నారా?

బోటనీ మేడం: సిలబస్ అయ్యాక చూద్దాం అన్నారు.

ఫిజిక్స్ సార్: నేనైతే అసలు వద్దనే వాణ్ణి. ఏమీ అనుకోకమ్మా. తెల్లారకముందే లేపి స్టడీ అవర్లో కూర్చోబెడతారు. రాత్రి పడుకునేదాకా పుస్తకమే. వారం వారం టెస్టు, గోడ మీద ర్యాంకులు, మార్కులు తగ్గితే సెక్షన్ మార్పు, పేరెంట్స్ మీటింగులో అందరి ముందూ పంచాయితీ. ఇన్ని చేసి, శనివారం ఒక గంట పిల్లల్ని కూర్చోబెట్టి 'ఆశతో ఉండాలి నాన్నా' అని పాఠం చెబుతామా? బండ మోయించేవాళ్లం మనం, నవ్వుతూ మోయడం రాకపోతే తప్పు వాడిదా?

బోటనీ మేడం: నవ్వమని నేనడగడం లేదు సార్.

ఫిజిక్స్ సార్: నువ్వు అడగవు. నీ పాఠం నలుగురి చేతులు మారేసరికి అదే అవుతుంది. 2019 ఏప్రిల్ గుర్తుందా? తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో 3 లక్షల మందికి పైగా తప్పారు. తెలుగులో 99 రావాల్సిన అమ్మాయికి మెమోలో సున్నా పడింది. పరీక్ష రాసినవాళ్లకు ఆబ్సెంట్ పడింది. ఆ కొద్ది రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైనవాళ్ల పేపర్లన్నీ ప్రభుత్వం ఉచితంగా మళ్లీ చూపిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఇప్పుడు చెప్పు, అక్కడ దిద్దాల్సింది పిల్లల ఆలోచనా, పెద్దల లెక్కా?

బోటనీ మేడం: పెద్దల లెక్కే. అందులో రెండో మాట లేదు. కానీ ఒకటి ఆలోచించండి. 'నేను రాసింది ఇది కాదు, మళ్లీ చూడండి' అని బోర్డు గేటు ముందు నిలబడ్డ పిల్లలూ ఉన్నారు కదా. వాళ్ల నోటికి ఆ మాట ఎలా వచ్చింది? మెమోలో సున్నా కనబడగానే 'ఇది నా విలువ' అనుకోకుండా 'ఇది ఎక్కడో పొరపాటు' అనుకోగలగడం, నేను నేర్పాలనుకునేది అదే. అది మందహాసం కాదు, వాదించుకోవడం. మనసులో వచ్చిన మొదటి తీర్పు మీద అప్పీలు చేసుకోవడం.

ఫిజిక్స్ సార్: ఆ గేటు ముందు పిల్లలు ఒంటరిగా లేరమ్మా. పక్కన అమ్మానాన్నలున్నారు, విద్యార్థి సంఘాలున్నాయి, పత్రికలవాళ్లున్నారు. వెనక మనుషులుంటే ఎవరికైనా ధైర్యమొస్తుంది. ఆ ధైర్యం పీరియడ్‌లో చెబితే వచ్చిందా?

ఇక్కడ మేడం వెంటనే బదులు చెప్పలేదు. ఆయన ప్రశ్న ఆమె అనుకున్నదానికంటే లోతైనదని నాకూ అనిపించింది. కాసేపటికి ఆయనే మళ్లీ అడిగారు.

ఫిజిక్స్ సార్: సరే, నీ సెలిగ్మన్ పాఠం చెప్పిన చోట పిల్లలు బాగుపడ్డారా? ఫిజిక్స్ వాణ్ణి, రీడింగులు చూడందే నమ్మను.

బోటనీ మేడం: ఉన్నదున్నట్టు చెబుతాను. 1990ల్లో పెన్సిల్వేనియాలో పది, పన్నెండేళ్ల పిల్లలకు ఈ పద్ధతి నేర్పారు. రెండేళ్ల తర్వాత చూస్తే, నేర్చుకోనివాళ్లతో పోలిస్తే కుంగుబాటు లక్షణాలు గట్టిగా ఉన్న పిల్లలు దాదాపు సగమే. దాంతో చాలా దేశాల్లో మొదలుపెట్టారు. 2009లో 17 పరిశీలనలను కలిపి లెక్కకట్టారు. ఫలితం ఉంది, అయితే చిన్నది. ఇంగ్లాండులో 2007 నుంచి మూడు ప్రాంతాల బడుల్లో పెడితే మొదట్లో కొంత మెరుగు కనిపించి, పోనుపోను చెరిగిపోయింది.

ఫిజిక్స్ సార్: బ్రిటన్‌లోనే ఇంకోటి జరిగింది. ఎనిమిది వేల మందికి పైగా పిల్లలకు బడిలో ధ్యానం నేర్పించి చూశారు. 2022లో ఫలితాలొచ్చాయి. మామూలుగా బడిలో చెప్పే పాఠాల కంటే ఒరిగిందేమీ లేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర దాని జోలికే పోలేదు. పిల్లలకు ఏది అక్కర్లేదో పిల్లలకు తెలుస్తుందమ్మా.

బోటనీ మేడం: మరి నలందా సంగతి కూడా మీరు వినాలి. అది మన దేశంలోదే, మన పిల్లల్లాంటి పిల్లలదే.

ఫిజిక్స్ సార్: చెప్పు.

బోటనీ మేడం: బిహార్‌లో నలందా జిల్లా. 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు. 2015లో మొదలుపెట్టారు, పేరు సెహెర్. బడులను మూడు వాటాలు చేశారు. ఒక వాటాలో మామూలు జీవన నైపుణ్యాల పాఠాలు మాత్రమే. రెండో వాటాలో ఆ బడి టీచరుకే శిక్షణ ఇచ్చి కార్యక్రమం నడపమన్నారు. మూడో వాటాలో బయటి మనిషిని తెచ్చి బడిలో పెట్టారు. సైకాలజిస్టు కాదు, డాక్టరు కాదు. శిక్షణ ఇచ్చిన మామూలు మనిషి, 'సెహెర్ మిత్ర' అని పిలిచారు. ఆ మనిషి పని ఏమిటంటే పిల్లలతో గోడపత్రిక నడపడం, పేరు రాయకుండానైనా సరే బాధలు రాసి వేసేందుకు ఒక పెట్టె పెట్టడం, అందులో వచ్చినవాటి మీద బడిలో కదలిక తేవడం, మాట్లాడాలన్నవాళ్లతో కూర్చుని మాట్లాడటం. ఏడాది తిరిగేసరికి ఆ బడుల్లో పిల్లల కుంగుబాటు తగ్గింది, కొట్లాటలు, ఏడిపించడాలు తగ్గాయి. రెండో ఏడు ఇంకా మెరుగైంది. మొదటి ఏడాది ఫలితాలను లాన్సెట్ పత్రికలో 2018లో వేశారు.

ఫిజిక్స్ సార్: టీచర్లు నడిపిన చోట?

బోటనీ మేడం: ఏ తేడా లేదు.

ఫిజిక్స్ సార్: ఆఁ! నువ్వే చెప్పావు. కార్యక్రమం అదే, పెట్టె అదే, గోడపత్రిక అదే. మనలాంటివాళ్లు చేస్తే సున్నా. ఎందుకంటావు?

బోటనీ మేడం: టీచరుకు తీరిక లేకపోవడం ఒకటి. సిలబస్, పరీక్షలు, ఎన్నికల డ్యూటీలు...

ఫిజిక్స్ సార్: తీరిక ఒకటే కాదమ్మా. పొద్దున టెస్టులో నాలుగు మార్కులు వేసి అందరి ముందూ నిలబెట్టిన మనిషికే మధ్యాహ్నం వెళ్లి 'నాకు బతకాలనిపించడం లేదు మేడం' అని ఏ పిల్ల చెబుతుంది? మార్కులు వేసే చెయ్యి, ఓదార్చే చెయ్యి ఒకటే అయితే పిల్లలు నోరు విప్పరు. నీ నలందాలో మనుషుల్ని మార్చింది పాఠం కాదు. ఆ పెట్టెలో చీటీ వేస్తే దాన్ని ఎవరో చదివారు. చదివి ఏదో చేశారు. 'నేను చెబితే ఒకటి మారింది' అని పిల్లలు కళ్లతో చూశారు.

బోటనీ మేడం: సార్, మీరిప్పుడు అన్నమాటే సెలిగ్మన్ కూడా చివరికి అన్నాడు.

ఫిజిక్స్ సార్: ఏమన్నాడు?

బోటనీ మేడం: 1967లో ఆయన, స్టీవెన్ మేయర్ కలిసి కుక్కల మీద ప్రయోగం చేశారు. ఏం చేసినా ఆగని కరెంటు షాకులు తిన్న కుక్కలు, తర్వాత చిన్న అడ్డుగోడ దూకితే తప్పించుకునే వీలున్న చోట పెట్టినా చాలావరకు దూకలేదు. అక్కడే పడుకుని మూలిగాయి. నిస్సహాయతను నేర్చుకున్నాయి అన్నారు. ఆ మాట మీదే ఈ ఆశావాదం చదువంతా లేచింది. దాదాపు 50 ఏళ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే మెదడు పరిశోధనలన్నీ ముందేసుకుని, మేం తలకిందులుగా అర్థం చేసుకున్నామని రాశారు. ఎడతెగని బాధలో చతికిలబడిపోవడం నేర్చుకునేది కాదు, జీవికి పుట్టుకతో ఉన్నదే. నేర్చుకోవాల్సింది రెండోది, 'నా చేతిలోనూ కొంత ఉంది' అన్నది. అది అనుభవం మీద వస్తుంది.

ఫిజిక్స్ సార్: అయితే ఇంకేం? ముందు వాళ్ల చేతిలో ఏదైనా పెట్టండి. ఆదివారం నిద్ర పెట్టండి. ఆడుకోవడానికి గంట పెట్టండి. గోడ మీది ర్యాంకులు తీసేయండి. ఇది నేనొక్కణ్ణే అనడం లేదు. విశాఖలో నీట్ కోచింగుకు వచ్చి 2023లో చనిపోయిన అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన పిల్లలున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మార్కుల లెక్కన బ్యాచ్‌లు విడదీయొద్దంది. అందరి ముందు అవమానించొద్దంది. పిల్లవాడి శక్తికి మించిన టార్గెట్లు పెట్టొద్దంది. అంత పెద్ద కోర్టు మార్చమన్నది కాలేజీలను.

బోటనీ మేడం: కాలేజీలు మారేలోపు?

ఫిజిక్స్ సార్: మారేలోపు...

బోటనీ మేడం: 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని కేంద్రం లెక్క. రోజుకు 35 మందికి తగ్గలేదు. వ్యవస్థ మారాలన్న మీ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. కానీ ఇందాక మీరు దిద్దిన పేపరు పిల్లకో, పిల్లాడికో, రేపు ఫలితాల రోజు ఆ నిజం అక్కరకు రాదు. ఆ రోజు ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నప్పుడు తన బుర్రలో తనకు ఏ మాట వినబడుతుందన్నదే లెక్క. 'సప్లిమెంటరీ నెల రోజుల్లో ఉంది' అన్న మాట వినబడాలి. ఆ మాట అప్పటికప్పుడు పుట్టదు సార్. ముందే అలవాటై ఉండాలి.

ఫిజిక్స్ సార్: ఇది ఒప్పుకుంటాను. కానీ నాకు ఇంకో భయం ఉంది. కొందరు పిల్లలు పుట్టుకతోనే చెడు ముందు ఊహించేవాళ్లు. 'తప్పుతానేమో' అనుకుంటూనే నాలుగుసార్లు ఎక్కువ చదువుతారు, స్పేర్ పెన్ను పెట్టుకుంటారు, గంట ముందే సెంటరుకు వస్తారు. వాళ్లకు ఆ భయమే రక్ష.

బోటనీ మేడం: జూలీ నోరెమ్ అని ఒకావిడ ఈ సంగతే పరిశోధించింది. అలాంటివాళ్లను బలవంతంగా ధైర్యంగా ఉండమంటే పని చెడుతుందని తేల్చింది. వాళ్ల జోలికి పోను.

ఫిజిక్స్ సార్: మరి నిజంగా జబ్బు చేసినవాళ్లు? రెండు వారాలుగా తిండి లేదు, నిద్ర లేదు, ఇష్టమైన క్రికెట్ కూడా వద్దంటున్నాడు. వాడిని 'పాజిటివ్‌గా ఆలోచించు' అంటే, అది కూడా నాకు చేతకాలేదని ఇంకా కుంగిపోతాడు.

బోటనీ మేడం: వాడికి పాఠం కాదు, డాక్టరు కావాలి. ఆ గీత ఎక్కడుందో తెలియనివాళ్లు ఈ పీరియడ్ తీసుకోకూడదు. 'చనిపోవాలని ఉంది' అని ఎవరైనా అన్నా, రాసినా, వాదించకూడదు, తేలిగ్గా తీసుకోకూడదు, ఒంటరిగా వదలకూడదు. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనని మనవాళ్లు అడగడానికి భయపడతారు. అది తప్పు. నేరుగా అడగాలి, విని, సాయం అందేచోటికి దగ్గరుండి తీసుకుపోవాలి.

ఫిజిక్స్ సార్: సరే, నీ పీరియడ్‌లో ఏం చేస్తావో చూపించు. మాటలొద్దు, లెక్క చేసి చూపించు.

మేడం హ్యాండ్‌బ్యాగు లోంచి ఒక తెల్ల కాగితం తీసి నిలువుగా గీత గీసి రెండు గడులు చేసింది. ఎడమ గడిలో పైన 'నాకు తోచింది', కుడి గడిలో 'ఆధారం' అని రాసింది.

బోటనీ మేడం: మొన్న యూనిట్ టెస్టులో ఒక పిల్లకు 30కి 11 వచ్చాయి. మొదటి గడిలో 'నాకు బోటనీ రాదు' అని రాసింది. సరే, ఆ మాటకు ఆధారాలేమిటో, వ్యతిరేకంగా ఏమున్నాయో పేపరు ముందు పెట్టుకుని వెతకమన్నాను. వెతికితే కణ విభజన ప్రశ్నకు పూర్తి మార్కులున్నాయి. బొమ్మలు వేసింది, భాగాలు గుర్తించలేదు. అక్కడే ఐదు మార్కులు పోయాయి. చివరి ప్రశ్న టైము చాలక వదిలేసింది. కుడి గడి నిండాక ఎడమ గడిలో మాట కొట్టేసి తనే రాసుకుంది, 'నాకు బొమ్మల్లో లేబుల్స్ పెట్టడం అలవాటు లేదు' అని. రాదు అన్నదానికి మందు లేదు. లేబుల్స్ పెట్టడం వారంలో నేర్చుకోవచ్చు. ఇంతే సార్ నా పాఠం.

ఫిజిక్స్ సార్ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఆయన దిద్దేటప్పుడు చూసే చూపు అది. తర్వాత ఎర్ర పెన్ను తీసి, కుడి అంచున ఇంకో గీత గీశారు.

ఫిజిక్స్ సార్: బాగుంది. కానీ ఒక గడి తక్కువైంది. ఆ పిల్లకు టైము ఎందుకు చాలలేదు? ముప్పావు గంటలో రాయలేని పేపరు మనమే ఇచ్చామేమో. ముందురోజు రాత్రి హాస్టల్లో కరెంటు లేదేమో. లేబుల్స్ పెట్టాలని నువ్వు క్లాసులో ఎన్నిసార్లు చెప్పావు? 'ఇందులో కాలేజీ మార్చాల్సింది' అని మూడో గడి పెట్టు. అది కూడా పిల్లలే నింపాలి. నింపింది మడిచి ఇంటికి తీసుకుపోకూడదు. ప్రిన్సిపాల్ టేబుల్ మీదికి రావాలి, పది రోజుల్లో జవాబు రావాలి. నీ రెండు గడులే ఉంటే తప్పులన్నీ తిరిగి తిరిగి పిల్ల మీదికే వస్తాయి. అప్పుడు నీ పాఠానికీ, ఆ ఉత్తరంలో 'నాకే' అన్న మాటకీ తేడా ఏముంది?

బోటనీ మేడం: మూడో గడి పెడితే నాకు పీరియడే ఇవ్వరు సార్.

ఫిజిక్స్ సార్: ఇవ్వకపోతే ఆ రెండు గడులూ వద్దు.

బోటనీ మేడం: నేనలా వదిలేయలేను. ముందు రెండు గడులతో మొదలుపెడతాను. మూడోది పిల్లలే అడిగేలా చేస్తాను.

ఫిజిక్స్ సార్: పిల్లలు అడగరమ్మా. అడిగినవాళ్లకు ఏమవుతుందో వాళ్లు చూస్తూనే ఉంటారు. పెద్దవాళ్లం మనం అడగాలి. స్టాఫ్ మీటింగులో నువ్వు అడుగు, నీ వెనక నేను లేస్తాను.

బెల్లు మోగింది. ఇద్దరూ తమ తమ బండిళ్ల దగ్గరికి వెళ్లిపోయారు. ఆ సంగతి అక్కడ తేలలేదు.

నన్నడిగితే, రెండు గడులా మూడా అన్న దగ్గర నేను సార్ పక్షమే. ఆశను పాఠంగా చెప్పి ఊరుకున్న చోట అది పెద్దగా నిలవలేదని ఆమె చెప్పిన లెక్కలే చెబుతున్నాయి. ఒక మనిషిని కుదిర్చి, పిల్లల మాటకు విలువనిచ్చిన చోట నిలిచింది. అలాగని మేడం చూపించిన ఆ చిన్న లెక్కను తీసిపారేయను. ఏ కాలేజీ మారకపోయినా రేపటి నుంచి ప్రతి ఇంట్లో ఆ పని చేయొచ్చు. దానికి ప్రిన్సిపాల్ అనుమతి అక్కర్లేదు. పిల్ల 'నాకు రాదు' అన్నప్పుడు 'అదేం కాదులే, నువ్వు బంగారానివి' అని బుజ్జగించకండి, 'ముందే చెప్పానా' అని దెప్పకండి. పేపరు తీసుకుని పక్కన కూర్చోండి. ఎక్కడ పోయాయో, ఎందుకు పోయాయో కలిసి వెతకండి. అందులో మన తప్పు కనబడితే దాన్ని కూడా పైకి చదవండి.

కాలేజీ యాజమాన్యాలకు ఒక్క విన్నపం. అర్హత ఉన్న కౌన్సెలర్‌ను పెట్టమన్నది అత్యున్నత న్యాయస్థానం. ఆ ఉద్యోగాన్ని ఖాళీగా ఉన్న లెక్చరర్‌కు అదనపు బాధ్యతగా అంటగట్టకండి. మార్కులు వేయని మనిషిని పెట్టండి.

ఇక ఫలితాల రోజులు. మార్కులు ఎన్ని వచ్చినా ఆ రోజూ, మర్నాడూ పిల్లల్ని ఒంటరిగా ఉంచకండి. చుట్టాలు ఫోన్ చేసి అడిగితే మీరే మాట్లాడండి, ఫోన్ పిల్లల చేతికి ఇవ్వకండి. రీవెరిఫికేషన్ ఉంది, అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది, ఏడాది పోకుండానే పాసయ్యే దారి ఉందని ఆ పూటే చెప్పండి. చనిపోతానన్న మాట ఎవరి నోట విన్నా ఆగకుండా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.